బొగ్గు వేరు, బొగ్గులు వేరు

మా శాఖా గ్రంథాలయంలో వంటల పుస్తకాలు ఒక అర నిండా ఉన్నాయి. ఇంధనాల గురించి పిల్లలకు రాసినవీ పెద్దలకు రాసినవీ కలిపితే ఇంకో అర. కానీ ఇంటి మేడ మీద ఒక చందువా చేపని కాల్చుకోవాలంటే గ్యాస్ మీద ఎంతవుతుంది, బొగ్గుల మీద ఎంతవుతుంది అని చెప్పే పేజీ ఒక్కటి కూడా నాకు దొరకలేదు. వెతక్కుండా అంటున్న మాట కాదు. నా బడి చదువు పదో తరగతితో ఆగింది. ఆ తరవాత చదివిందంతా ఆ గ్రంథాలయం కిటికీ పక్క బల్ల దగ్గరే. ఏ అరలో ఏముందో లైబ్రేరియన్ గారు కూడా అప్పుడప్పుడు నన్నే అడుగుతారు. ఒక పుస్తకం లేదని తెలిసినవాడు, ఆ విషయం తనకి తెలిసి ఉంటే, రాసి పెట్టాలని నా అభిప్రాయం. అందుకని రాస్తున్నాను.

రెండో కారణం మా బావమరిది. ఈ సంగతి వాడు పెళ్ళిళ్ళలో, రైలు ప్రయాణాల్లో, చివరికి చావు ఇళ్ళ ముందు వేసిన కుర్చీల్లో కూర్చుని కూడా చెబుతున్నాడు. చెప్పినప్పుడల్లా అందులో పొగ పెరుగుతోంది. మొన్న చెప్పినప్పుడు ఫైరింజన్ కూడా వచ్చిందట. ఫైరింజన్ రాలేదు. పక్కింటి వాళ్ళు ఆరేసిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళారు, అంతే. అసలు జరిగింది ఒకచోట ఉండాలి కదా.

మాది కాకినాడ. బియ్యం, ఎరువులు అమ్మే ఒక కొట్లో నేను గుమస్తాని. మా ఆవిడ పుట్టిల్లు ఉప్పాడ. ఆవిడ పుట్టిన ఇల్లు ఉన్నచోట ఇప్పుడు కెరటాలున్నాయి గానీ, చేపని చూసి ఏ పూట పట్టిందో చెప్పే విద్య మాత్రం ఆవిడతోపాటు మా ఇంటికొచ్చింది. చర్చిలో ఎవరింట్లో శుభకార్యం జరిగినా చేపల దగ్గర ఆవిడే ఉండాలి. ఉద్యోగం మాత్రం ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్లో వంట. తెల్లవారకముందే వెళ్ళి, నిలువెత్తు గిన్నెల ముందు నిలబడి ఇడ్లీలు దించి, మధ్యాహ్నం అన్నం వార్చి, సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆవిడ పాదాలు చెప్పుల్లోంచి బయటికి రావడానికి మొరాయించేవి.

ఆ ఏడాది ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చింది. హాస్టల్ మానేసి, ఆదివారం ఆదివారం చర్చి అయ్యాక మా మేడ మీదే చేపలు కాల్చి ఆర్డర్ల మీద అమ్ముతుంది. కుదిరితే శనివారం సాయంత్రం కూడా. హాస్టల్ వార్డెన్ గారు మర్యాదగానే చెప్పారు: "వేసవి సెలవులిచ్చే లోపల ఉంటారో మానేస్తారో చెప్పేయండమ్మా. మీ చోటుకి ఇద్దరు అడుగుతున్నారు." అంటే ఒకసారి మానేస్తే మళ్ళీ వెళ్ళడానికి లేదు. నా జీతం ఇంటికి బొటాబొటిగా సరిపోతుంది. ఆవిడ జీతం పోయిన చోట చేపలు నిలబడాలి. నిలబడతాయా లేదా అన్నది ఆ సెలవుల లోగా తేలాలి.

చేపల సంగతి ఆవిడకి తెలుసు. తెలియనిది నిప్పు సంగతి. ఒక సాయంత్రం ఆవిడ, నేను, బావమరిది మెట్ల మీద కూర్చుని మాట్లాడుకున్నాం. బావమరిదికి గ్యాస్ పొయ్యిలు బాగుచేసే షాపుంది. ఎవరో హోటలు మూసేస్తూ వాడికి వదిలేసిన గ్రిల్ పొయ్యి ఒకటి షాపులో మూలన పడి ఉంది.

"అక్కా, గ్యాస్ పెట్టుకో. ఇలా తిప్పితే అలా అంటుకుంటాది. ఊదక్కర్లేదు, విసరక్కర్లేదు," అన్నాడు వాడు.

"అమ్మ బొగ్గుల మీదే కాల్చేదిరా."

"అమ్మ మనిద్దరికీ కాల్చింది. ఊరందరికీ కాల్చలేదు."

"ఖర్చు తెలియాలి కదరా ముందు. గ్యాస్‌కెంత, బొగ్గులకెంత అన్నది తెలియకుండా ఏది కొంటాం?"

అక్కడ నేను కలగజేసుకున్నాను. "ఖర్చు సంగతి నాకొదిలేయండి," అన్నాను.

"అయిపోయిందక్కా," అన్నాడు బావమరిది. "బావగారు లైబ్రరీకెళ్తారు. మనకి మనవలు పుట్టాక వచ్చి చెప్తారు."

మర్నాడు కొట్టు కట్టేశాక గ్రంథాలయానికి వెళ్ళాను. అక్కడ విజ్ఞాన సర్వస్వం సంపుటాలు అద్దాల బీరువాలో ఉంటాయి. తాళం చెవి అడిగి తీయించుకునే పాఠకులు తక్కువ. నేను వాళ్ళలో ఒకణ్ణి. 'బ' ఉన్న సంపుటం తీసి 'బొగ్గు' అన్న వ్యాసం మొదటి నుంచి చివరిదాకా చదివాను. యుగాల కిందట అడవులు నేలలో కూరుకుపోయి బొగ్గుగా ఎలా మారాయో, అందులో మేలు రకం ఏదో, నాసి రకం ఏదో, గట్టిదీ మెరుపున్నదీ ఎందుకు ఎక్కువ వేడి ఇస్తుందో అన్నీ ఉన్నాయి. చదువుతుంటే నాకు ఎంత సంతోషం వేసిందంటే, చేపల సంగతి కాసేపు మర్చిపోయాను. కిలో గ్యాస్ ఎంత వేడి ఇస్తుందో ఇంకో పుస్తకంలో దొరికింది.

ఇక ధర. మా కొట్టుకి ఇటుక బట్టీల వాళ్ళు కూలీలకి బియ్యం కొనడానికి వస్తారు. వాళ్ళలో ఒకాయన్ని బొగ్గు టన్ను ఎంతకి తెస్తున్నారని అడిగాను. ఆయన చెప్పిన ధరని వెయ్యితో భాగిస్తే కిలో బొగ్గు మా కొట్లో కిలో నూకల కంటే చవకగా తేలింది. గ్యాస్ దాని దగ్గరికి కూడా రాలేదు. రాత్రి భోజనాల దగ్గర ఫలితం ప్రకటించాను.

మా ఆవిడ ముద్ద చేతిలో పట్టుకుని ఆగింది. "బొగ్గులు అంత చవకేంటండీ? ఇస్త్రీ బండావిడ కిలో యాభై, అరవై పెట్టి కొంటున్నానంటాది."

"చిల్లరగా కొంటే అంతే ఉంటుంది. నేను మూలానికి వెళ్ళాను," అన్నాను.

అంత చక్కటి జవాబు నేను అంతకుముందు ఇవ్వలేదు, ఆ తరవాతా ఇవ్వలేదు.

ఆ శనివారం పోర్టు వైపు రోడ్డు మీద బొగ్గు డిపోకి వెళ్ళాను. ఇంత ఇంత కొండలుగా పోసి ఉంది. డిపో ఆయన లుంగీ పైకి కట్టుకుంటూ వచ్చాడు.

"ఎన్ని టన్నులండి?"

"ఒక్క బస్తా చాలండి."

"బస్తా అండి? ఓహో, శాంపిలా అండి?"

"అలాగే అనుకోండి."

"బట్టీ ఎక్కడండి మీది?"

నేను కుంపటి గురించి అడుగుతున్నాడనుకున్నాను. "మేడ మీదండి," అన్నాను.

ఆయన నన్ను కింది నుంచి పైకి చూశాడు. "మేడ మీద బట్టీ పెట్టారాండి? శ్లాబు ఆగుతాదాండి?"

"చిన్నదేనండి. ఇంటి వరకే."

"ఇల్లు కట్టుకుంటున్నారన్నమాట. ఆయ్, మంచి ఆలోచనండి. బయట ఇటుక ధర మండిపోతుంది కదండీ."

ఆయన ఇటుకల మాట ఎందుకు తెచ్చాడో నాకు అర్థం కాలేదు. కానీ చదువుకున్నవాడు అడగాల్సిన ప్రశ్న నా దగ్గర సిద్ధంగా ఉంది. "మెరుపు ఎలా ఉంటుందండి?" అన్నాను. ఆయన ఒక పెడ్డ తీసి ఎండలో తిప్పాడు. అద్దంలా మెరిసింది. పుస్తకంలో రాసినట్టే ఉంది. బస్తా ఆటోలో వేయించుకుని ఇంటికొచ్చాను.

మా ఆవిడ బస్తా మూతి విప్పి చూసింది. "ఇవేంటండీ, రాళ్ళలా ఉన్నాయి?"

"గట్టి బొగ్గు."

"బొగ్గులు చేత్తో పట్టుకుంటే తేలిగ్గా ఉండాలి కదండీ."

"తేలికది గబగబా కాలిపోతుంది. గట్టిదైతే నిలబడుతుంది."

ఆవిడ బస్తా మూతి మళ్ళీ కట్టేసింది. లెక్కల విషయంలో నా మాట నమ్మడం ఆవిడకి అలవాటు. ఆ నమ్మకంతోనే ఇన్నాళ్ళూ ఇల్లు నడిచింది కూడా.

రుచి చూడ్డానికి ఆదివారం కొంతమందిని పిలిచాం. చర్చి నుంచి పాస్టరమ్మ గారు, కాయిర్‌లో పాడే నలుగురైదుగురు, ఇరుగు పొరుగు. సామర్లకోట నుంచి మా మావయ్య కూడా వచ్చాడు. ఆయన మా మేనత్త భర్త, రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఎవరింట్లో చేపలన్నా అక్కడికి మొదట చేరేది ఆయనే. పాత డ్రమ్ముని నిలువునా కోయించి, కాళ్ళు పెట్టించి, పైన ఇనప జాలీ వేయించిన కుంపటి సిద్ధంగా ఉంది. మా ఆవిడ పొద్దున్నే చందువాలకి గాట్లు పెట్టి, అల్లం వెల్లుల్లి, కారం, నిమ్మరసం పట్టించి అరటాకుల మీద వరసగా పేర్చింది. వాటిని చూస్తే పచ్చివే తినాలనిపించేలా ఉన్నాయి.

బొగ్గు అంటుకోలేదు. కొబ్బరి పీచు, చిప్పలు, పాత అట్టపెట్టెలు అన్నీ అయిపోయాక అంటుకుంది. అంటుకోగానే పసుపుపచ్చగా చిక్కటి పొగ లేచింది. పక్కింటి వాళ్ళు బట్టలు తీసుకుంది అప్పుడే.

"మొదట్లో పొగ ఉంటుంది," అన్నాను అందరికీ వినపడేలా. "తేమ పోవాలి."

"పోతుంది బావగారూ, నిదానంగా పోతుంది," అన్నాడు బావమరిది కళ్ళు తుడుచుకుంటూ. "మేమూ దాంతో పోతాం."

చేపలు కాలాయి. పైకి నల్లగా, లోపల బాగానే కాలాయి. పాస్టరమ్మ గారు ప్రార్థన చేశారు. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నారు. కాసేపు నమిలారు. ఆవిడది చాలా మంచి మనసు.

"ఏదో కొత్త మసాలా వేసినట్టున్నావమ్మా," అన్నారు.

మా ఆవిడ తన ముక్క తిని, పళ్ళెం పక్కన పెట్టేసింది. మావయ్య మాత్రం కళ్ళు మూసుకుని నములుతూ ఉండిపోయాడు.

"అల్లుడూ," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "నాకు ఇరవై ఐదేళ్ళ వయసు వచ్చేసిందిరా."

"బాగుందా మావయ్యా?"

"సామర్లకోట షెడ్డులో నించున్నట్టుంది. ఇది బొగ్గింజన్ వాసన్రా. ఏదీ, ఆ బస్తా ఇలా తే." ఒక పెడ్డ తీసి బొటనవేలితో రుద్ది, వేలు నాకు చూపించాడు. "దీన్ని పారతో ఎత్తి ఎన్నాళ్ళు వేశానో నీకు తెలుసా? ఇది ఇంజను తినేది. మనిషి తినేది కాదు."

"బావగారు మూలానికి వెళ్ళారు కదండీ," అన్నాడు బావమరిది. "గనిదాకా వెళ్ళొచ్చారు."

అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళకి మా ఆవిడ అన్నం, పప్పుచారు, ఆమ్లెట్లు వేసి పెట్టింది. తనూ నవ్వింది గానీ, వాళ్ళు వెళ్ళాక ఆ చేపలన్నీ ఒక గోతాంలో వేసి మూతి కడుతుంటే మొహం వేరేగా ఉంది.

"రేపు వార్డెన్ గారికి ఉంటానని చెప్పేస్తానండి," అంది.

"అప్పుడేనా? తప్పు చేపది కాదు, నిప్పుది."

"తిన్నవాళ్ళకి ఆ తేడా ఏం తెలుస్తాదండి? ఆవిడ చేపలు ఇంజన్ కంపు కొట్టాయనే చెప్పుకుంటారు. మళ్ళీ పిలిస్తే వస్తారా?"

"సెలవులు ఎప్పుడిస్తారు?" అన్నాను.

"నెలాఖరుకి."

"అప్పటిదాకా ఏమీ చెప్పకు."

ఆవిడ గోతాం నా చేతికిచ్చి కిందకి వెళ్ళిపోయింది.

సోమవారం సాయంత్రం మళ్ళీ అద్దాల బీరువా తీయించాను. ఈసారి 'బ' సంపుటంలో ఆ వ్యాసం అడుగున, నేను అక్కర్లేదని వదిలేసిన చిన్న అక్షరాల్లో, 'కర్రబొగ్గు చూడుము' అని ఉంది. 'క' ఉన్న సంపుటం వేరే. అందులో ఉంది అసలు సంగతి. గాలి ఆడకుండా కట్టెని కాలిస్తే వచ్చేది కర్రబొగ్గు. తేలిగ్గా ఉంటుంది, పొగ రాదు, వంటకి పనికొస్తుంది. నేను తెచ్చింది రాతిబొగ్గు. దాన్ని కాలిస్తే గంధకం వాసన వస్తుంది.

కర్రబొగ్గు నాకు తెలియక కాదు. మా వీధిలో ఇస్త్రీ పెట్టెలోంచి రాలే నిప్పుల్ని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మాట నన్ను మోసం చేసింది. బల్ల దగ్గర కూర్చుని ఆలోచిస్తే ఒక విషయం తట్టింది. అది ఏ వ్యాకరణంలోనూ నేను చదవలేదు. మనం గనిలోది ఎప్పుడూ బొగ్గు అంటాం. బొగ్గు గని, బొగ్గింజన్, బొగ్గు ఓడ. 'బొగ్గుల గని' అని ఎవరూ అనరు. కుంపట్లో వేసేవి మాత్రం బొగ్గులు. ఇస్త్రీ ఆవిణ్ణి ఎవరైనా 'బొగ్గులు రాజేశావా' అంటారు, 'బొగ్గు రాజేశావా' అనరు. పాలు, నీళ్ళు మన భాషలో ఎప్పుడూ బహువచనంలోనే ఉంటాయి. ఒకటైతే భూమి కిందా, నాలుగైతే కుంపట్లోనూ ఉండే మాట నాకు తెలిసి ఇదొక్కటే. మా ఆవిడ మొదటి నుంచీ బొగ్గులు అంటూనే ఉంది. నేను పుస్తకంలో బొగ్గు చదువుతూ ఉన్నాను. మెట్ల మీద మొదలైన మాట భోజనాల దగ్గరికి వచ్చేసరికి ఒక్క అక్షరం జారిపోయింది, ఇద్దరం గమనించలేదు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే ఆవిడ మొదటిసారి మనస్ఫూర్తిగా నవ్వింది. "అంటే 'లు' మర్చిపోయారన్నమాట," అంది.

"రెండు ఆదివారాలున్నాయి," అన్నాను. "ఒకటి గ్యాస్ మీద, ఒకటి బొగ్గుల మీద. ఈసారి పుస్తకం లెక్క కాదు, కాటా లెక్క."

ఇంటి పొయ్యికిచ్చే గ్యాస్ బండ వ్యాపారానికి వాడకూడదు. కాబట్టి హోటళ్ళకిచ్చే పెద్ద బండ ధరే లెక్కకి తీసుకున్నాను. బావమరిది అలాంటి బండతోపాటు గ్రిల్ పొయ్యి కూడా తెచ్చి బిగించాడు. కాల్చడానికి ముందు, కాల్చిన తరవాత ఆ బండని మా కొట్లో కాటా మీద తూచాలన్నాను.

"చేపల్ని తూచేవాళ్ళని చూశాను గానీ బండని తూచేవాళ్ళని మిమ్మల్నే చూశాను బావగారూ," అన్నాడు వాడు, దాన్ని మెట్ల మీద నుంచి భుజాన దించుతూ. "ఈసారి దీన్ని కూడా లైబ్రరీకి మొయ్యమంటారా?"

మొదటి ఆదివారం తిన్నవాళ్ళు వస్తారో రారో అని మా ఆవిడకి ఒకటే బెంగ. పాస్టరమ్మ గారు అందరికంటే ముందే వచ్చి, "ఈసారి ఏం ఇంజనమ్మా?" అని అడిగి కుర్చీ లాక్కున్నారు. ఆవిడ వచ్చాక మిగతావాళ్ళూ వచ్చారు. డబ్బులిచ్చే తీసుకుంటామన్నారు.

గ్యాస్ మీద చేపలు చక్కగా కాలాయి. ఒక్కటీ మాడలేదు, ఒక్కటీ పచ్చిగా లేదు. అడిగినవాళ్ళకి అడిగినట్టు పొట్లం కట్టి ఇచ్చాం. బాగుందండి, బాగుందండి అంటూ తీసుకుని అందరూ ఎండ ముదరకముందే ఇళ్ళకి వెళ్ళిపోయారు. బండని తూస్తే పావు కిలో గ్యాస్ తరిగింది. హోటలు బండ ధరలో దాని ఖర్చు సుమారు పాతిక రూపాయలు. నాలుగు చేపలు మిగిలితే మేమే తిన్నాం.

ఆ తరవాతి ఆదివారం బొగ్గులు. ఇస్త్రీ బండావిడ ఎక్కడ కొంటుందో అడిగి అక్కడే కొన్నాం. బస్తా ఎత్తగానే తేలిగ్గా లేచింది. నాలుగు కొబ్బరి చిప్పలు అంటించి పైన పోస్తే నెమ్మదిగా రాజుకున్నాయి. తెల్లటి బూడిద పట్టేదాకా ఆగాలి, అదే కష్టం. అరగంట పైనే పట్టింది. ఈలోగా వచ్చినవాళ్ళు వెళ్ళలేక కుంపటి చుట్టూ నిలబడ్డారు. మావయ్య విసనకర్ర లాక్కుని, షెడ్డులో ఉన్నట్టే అందర్నీ వెనక్కి జరగమంటూ విసిరాడు. చేపలు జాలీ మీద పడగానే నూనె చుక్కలు నిప్పుల మీద పడి చుయ్యిమన్నాయి, వాసన వీధిలోకి దిగింది. వీధిలో పోతున్న ఒకాయన తల పైకెత్తి, "ఏంటండీ కాలుస్తున్నారు?" అని అడిగి, మెట్లెక్కి వచ్చేశాడు.

పాస్టరమ్మ గారు నిలబడే తిన్నారు. "ఆ చివర్ది ఇంకాస్త కాలనివ్వమ్మా, అది నాకు," అన్నారు. ఆవిడ పక్కనున్నాయన తనదీ అలాగే కావాలన్నాడు. నిలబడ్డ కాసేపట్లో ఎవరి పెళ్ళి ఎప్పుడో, ఎవరి పొలంలో నీళ్ళు ఎందుకు నిలిచాయో అన్నీ వచ్చాయి. మాటల మధ్య ఇంకో చేప, ఇంకో చేప. ఒంటిగంటకల్లా అరటాకులు ఖాళీ. మా ఆవిడ ఫ్రిజ్‌లో మా కోసం దాచుకున్న రెండు వంజరం ముక్కలు కూడా తెచ్చి వేసేసింది.

సాయంత్రం లెక్క చూశాను. బొగ్గులు కిలో పైన కాలాయి, అరవై రూపాయలు. మిగిలిన నిప్పుల్ని మట్టికుండలో వేసి మూత పెట్టి ఆర్పితే మళ్ళీ వాడుకోవచ్చు. ఆ పొదుపు తీసేసినా నలభై అయిదుకి తగ్గలేదు. ఎటు చూసినా గ్యాస్ కంటే బొగ్గులే ఎక్కువ. పొయ్యి కొనే ఖర్చు మాత్రం గ్యాస్‌ది ఎక్కువ, డ్రమ్ము కుంపటి దాదాపు ఊరికే వచ్చింది. అయినా ఏడాదో రెండేళ్ళో తిరిగేసరికి గ్యాస్ పొయ్యి తన ఖరీదు తాను రాబట్టుకుంటుంది. ఇది నేను ఇద్దరి ముందూ చదివాను.

"నేను మొదట్నించీ అదే అంటున్నాను," అన్నాడు బావమరిది. "నా మాటకి కాటా ఎక్కాల్సి వచ్చింది."

మా ఆవిడ కుంపటి లోంచి బూడిద తీస్తోంది. "గ్యాస్ మీద కాల్చినరోజు ఎన్ని చేపలు మిగిలాయండి?" అంది తల తిప్పకుండా.

"నాలుగు."

"ఇవాళ?"

"చాల్లేదు."

"మరి ఇంకేం లెక్క కావాలండి మీకు?"

"అది ఇంధనం లెక్క కాదు కదా," అన్నాను.

"ఎందుకు కాదండి? గ్యాస్ దగ్గర పొట్లం పట్టుకుని పోయారు. ఇక్కడ అరగంట నిలబెట్టాయి బొగ్గులు. నిలబడ్డవాళ్ళు రెండోది అడిగారు. మీ అరవై రూపాయలు ఆ రెండో చేప కట్టింది."

"అక్కా, నా పొయ్యి?" అన్నాడు బావమరిది.

"నీ పొయ్యి వర్షాకాలానికి ఉంచరా. మెట్ల కింద పెట్టు."

పుస్తకంలో వేడికి కొలత ఉంది, నిలబడ్డానికి లేదు. కాగితం మీద గ్యాస్‌కి ఎదురుగా 'చవక' అని, బొగ్గులకి ఎదురుగా 'లాభం' అని రాసి మడిచాను. రెండూ ఒకటేనని అప్పటిదాకా అనుకునేవాణ్ణి.

మర్నాడు పొద్దున్న ఆవిడ హాస్టల్‌కి ఎప్పటిలాగే చీకటితో వెళ్ళింది. నేను కొట్లో ఉన్నానన్న మాటే గానీ రెండు బిల్లులు తప్పు రాశాను. సాయంత్రం కొట్టు కట్టేసి ఇంటికొస్తే ఆవిడ అప్పటికే వచ్చి, బకెట్టులో నీళ్ళు పోసుకుని కాళ్ళు పెట్టుకుని కూర్చుంది.

"చెప్పేశావా?"

"చెప్పేశానండి. సెలవులిచ్చేదాకా వస్తాను, తరవాత రానన్నాను."

"ఏమన్నారు?"

"ముందు కాస్త బాధపడ్డారు. తరవాత ఎందుకు మానేస్తున్నావని అడిగారు. చెప్పాను." ఆవిడ కాళ్ళు నీళ్ళల్లో కదిపింది. "వచ్చే ఆదివారం స్టాఫ్ అందరికీ చేపలు కావాలన్నారు. గ్యాస్ మీదా, బొగ్గుల మీదా అని కూడా అడిగారండి."

"నువ్వేమన్నావు?"

"బొగ్గులన్నాను. 'లు' గట్టిగా పలికాను."

ఇప్పుడు కృతజ్ఞతలు. ఇలాంటి రాతల్లో సాయం చేసిన వాళ్ళని పేరు పేరునా తలుచుకోవడం మర్యాద. పేర్లు రాస్తే ఆర్డర్ల కోసం వాళ్ళ ఇళ్ళకి కూడా వెళ్తారని మా ఇంట్లో అభ్యంతరం వచ్చింది కాబట్టి వరసలతోనే తలుచుకుంటున్నాను. అద్దాల బీరువా తాళం ఎన్నిసార్లు అడిగినా విసుక్కోని లైబ్రేరియన్ గారికి కృతజ్ఞతలు. 'క' సంపుటాన్ని ఎవరూ ఇంటికి పట్టుకెళ్ళకుండా ఉంచినందుకు తోటి పాఠకులకు. నాకు ఇల్లు కట్టుకునే భాగ్యం ఉందని నమ్మిన డిపో ఆయనకి, మిగిలిన బస్తాని వెనక్కి తీసుకున్నందుకు కూడా. బొగ్గులు దొరికే చోటు చెప్పిన ఇస్త్రీ బండావిడకి. తిన్నదేమిటో ఒక్క ముద్దలో పోల్చుకున్న మావయ్యకి. ఆ ముద్ద మింగి కూడా రెండోసారి అందరికంటే ముందొచ్చిన పాస్టరమ్మ గారికి. బట్టలు మళ్ళీ ఉతుక్కుని కూడా మాతో మాట్లాడుతున్న పక్కింటి వాళ్ళకి. బండ మోసిన బావమరిదికి, ఫైరింజన్ విషయం తప్ప మిగతా అన్నింటికీ.

మా ఆవిడకి చివరగా. ఇదంతా రాశాక ఆవిడకి చదివి వినిపించాను. అన్నీ ఉంచమంది. ఒక్కో చేప మీద మాకు మిగిలేదెంతో రాసిన రెండు వాక్యాలు మాత్రం కొట్టేయమంది. కొనేవాళ్ళు కూడా చదువుతారు కదండీ అంది. కొట్టేశాను.